మలుపు దగ్గర చారల గుర్రాలు

బువాఖాం జీబ్రా బొమ్మలకి చారలు దిద్దడం వెనక కాళ్ళ దగ్గర మొదలుపెట్టేది. ముఖం ఆఖరున. సిమెంటు బొమ్మల దొడ్డిలో మిగతావాళ్ళు ముఖమే ముందు పూర్తిచేసేవాళ్ళు, కొనేవాడి కన్ను దానిమీదే పడుతుంది కాబట్టి. ఆమె పద్ధతి వేరు. కళ్ళు దిద్దేశామంటే ఇక అది చూస్తూనే ఉంటుంది, చూస్తున్న ప్రాణి వీపుమీద కుంచె ఆనించడం మర్యాద కాదు అనేది. అలా ముప్పై ఒక్క ఏళ్ళు. కుడి బొటనవేలి గోట్లోకి దిగిన నల్లరంగు చివరిదాకా పోలేదు.

లంపాంగ్ నుంచి విశ్వవిద్యాలయం వైపు వెళ్ళే రోడ్డు, దొడ్డి దాటాక వంద గజాల్లో దిగుడు పట్టి కుడివైపుకి తిరుగుతుంది. ఆ మలుపు బయటి అంచున, ఎడమచేతి వైపు, ఆ చోటుని కాచే దేవుడు మలుపు తాతగారి గుడి. గుడంటే నిలువెత్తు స్తంభంమీద పావురాల గూడంత ఇల్లు. దాని ముందు గడ్డిలో చారల గుర్రాలు నిలబడి ఉండేవి. కొన్ని కోడిపెట్టంత, కొన్ని మనిషి భుజమంత. జనం రోడ్డు దాటడానికి వేసిన తెల్లచారలు మనుషుల్ని కాపాడినట్టే ఈ చారలూ కాపాడతాయని మావాళ్ళ నమ్మకం. మలుపులో పడి బతికినవాడు ఒకటి తెచ్చి పెడతాడు. బతకనివాడి కోసం ఇంటివాళ్ళు తెచ్చి పెడతారు. ఎటొచ్చీ మంద పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

ఆ మందలో ముప్పాతిక వంతు బువాఖాం చేతి చారలే. అందులో ఏడు, ఆమె తన కూతురి కోసం పెట్టినవి.

ఆమె ఆ దొడ్డికి వచ్చింది ఇరవై ఆరో ఏట. మొగుడు చేపల పడవ పనికని దక్షిణానికి పోయి మరి తిరిగి రాలేదు. మొదట ఇసుక మోసింది. ఒకరోజు రంగులు వేసే ఆవిడకి జ్వరం వస్తే, కుంచె పట్టడానికి ఎవరూ లేక యజమాని ఈమెకిచ్చాడు. అంతే. కొన్నేళ్ళకి పుట్టిన కూతురు, లిచీపండు పేరు పెట్టుకున్న లిన్‌చీ, రంగు పడని జీబ్రాల మధ్యే పెరిగింది. ఆ పిల్ల తండ్రి గురించి బువాఖాం ఎవరికీ చెప్పలేదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది. పిల్ల ఎండకి కాలుతున్న తెల్లటి సిమెంటు గుర్రాలమీద ఎక్కి కూర్చునేది. ఫలానాది కుంటిదని, ఫలానాది కోపిష్టిదని పేర్లు పెట్టేది. అమ్ముడుపోతే ఏడ్చేది.

ఆ లిన్‌చీ పంతొమ్మిదో ఏట, నర్సు చదువు రెండో సంవత్సరంలో, ఒక సోమవారం ఉదయం స్కూటరుమీద క్లాసుకి వెళుతూ ఆ మలుపులో రోడ్డు దిగి కాలవ గట్టుకి కొట్టుకుంది. ఎదురుగా ఏ బండీ లేదు. తడి లేదు. మంచి ఎండ.

ఫోను చూసుకుంటూ ఉండి ఉంటుంది, అన్నారు ముందుగా వచ్చినవాళ్ళు. పోలీసు కాగితంలోనూ అదే రాశారు, పక్కన అనుమానం అని చేర్చి. ఆ కాలపు పిల్లలందరి మీదా ఆ మాటే ఉండేది కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. దహనం రోజున పెద్ద భిక్షువుగారు ఏమరుపాటు గురించి చెబుతూ చేతిలో ఇమిడే అద్దం ముక్క ఎందరి ప్రాణాలు తీస్తోందో అన్నప్పుడు, శాలలో కూర్చున్న తలలన్నీ మెల్లగా బువాఖాం వైపు తిరిగాయి. ఆమె నేల చూసింది. స్కూటరు సీటు కింది పెట్టె తెరిచింది ఆమే. వానకోటు మడతల్లో చుట్టి, మీద జిప్పు లాగిన సంచిలో, ఫోను చెక్కుచెదరకుండా ఉంది. ఈ సంగతి ఒకరిద్దరికి చెప్పింది. విని తలాడించారు. తల్లి మరి, అనుకున్నారు.

ఆ తరవాత నాలుగేళ్ళూ ఆమెకి కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు, చదువుకున్నవాళ్ళు, కాగితంమీద రాసి చెప్పాలి, ఆ మలుపులో పిల్లలు పడిపోవడానికి ఫోను కాక వేరేది కూడా ఉందని. అదేమిటో ఆమెకి తెలియదు. తెలిస్తే కూతురి పేరుమీద అంటిన ఆ మరక కాస్త చెరుగుతుందని ఆశ.

అప్పుడొచ్చింది సోమో. విశ్వవిద్యాలయంలో ఆఖరి సంవత్సరం. బండి నడిపేటప్పుడు కుర్రకారు ధ్యాస దేనివల్ల తప్పుతుంది అన్నది ఆ పిల్ల పరిశోధన. జట్టులో ముగ్గురు. ఒకడికి బ్యాంకాక్‌లో పని దొరికి పోయాడు. ఇంకో అమ్మాయి నాలుగు వందలమంది చేత ప్రశ్నలకి జవాబులు రాయించి, తన వంతు అయిపోయిందని ఇంటికి చేరింది. రోడ్డు పక్కన ఎండలో కూర్చుని లెక్క రాసే పని సోమోకి మిగిలింది. ఒక గొడుగు, ఒక ప్లాస్టిక్ స్టూలు, గళ్ళు గీసిన కాగితాల అట్ట, బొటనవేలితో నొక్కితే అంకె పెరిగే చిన్న మిషన్లు అయిదు. దొడ్డి ముందు చింతచెట్టు నీడ చూసి అక్కడ స్టూలు వేసుకుంది.

సిమెంటు పోతపోసే మూన్ మొదటిరోజే ఆమె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బువాఖాం కంటే ఏడేళ్ళు చిన్న, నోరు మాత్రం పెద్దది.

"అక్కా, ఈ పిల్ల కూర్చుని పావుగంటైంది. కదల్లేదు, మెదల్లేదు. రంగు వేసేస్తే అమ్ముకోవచ్చు."

"ముందు నీ పోత చూసుకో. నిన్నటి దానికి చెవి లేదు," అంది బువాఖాం.

సోమో నవ్వింది గాని కళ్ళు రోడ్డుమీంచి తిప్పలేదు. పేరేమిటని అడిగితే చెప్పింది. సోమో అంటే పంపరపనస అన్నమాట. బువాఖాం కుంచె డబ్బా అంచుమీద ఆనించింది. తరవాత, "మా ఇంట్లో లిచీపండు ఉండేది. నువ్వూ ఉంటే బుట్ట పెట్టుకుని బజార్లో కూర్చునేదాన్ని," అంది. ఉండేది అన్న మాట దగ్గర సోమో ఒక్కసారి తలతిప్పి చూసి, మళ్ళీ రోడ్డువైపు చూసింది. అడగలేదు. అందుకే ఆ పిల్ల బువాఖాంకి నచ్చింది.

మూడోరోజుకి గళ్ళ సంగతి తెలిసింది. ఫోను చేతిలో పట్టుకున్నవాళ్ళు ఒక గడి. హెల్మెట్టుకీ చెవికీ మధ్య ఇరికించినవాళ్ళు ఇంకొకటి. వెనక కూర్చున్నవాళ్ళతో తలతిప్పి మాట్లాడేవాళ్ళు, హ్యాండిలుకి వేలాడే చల్లటి టీ సంచీలోంచి స్ట్రాతో తాగేవాళ్ళు. చివర ఇతరం అని ఒక గడి.

"ఫోను కానిదీ, టీ కానిదీ, కబుర్లు కానిదీ అన్నీ అందులోనేనా?" అంది బువాఖాం.

"అవును పెద్దమ్మా. దాంట్లో పెద్దగా ఏం పడవు. ఏ ముక్కు గోక్కునేవాళ్ళో."

"అయితే ఆ గడి నాకివ్వు. ఈ రోడ్డుమీద చెయ్యి దేనికి లేస్తుందో నీకంటే నాకే ఎక్కువ తెలుసు."

సోమో చింతచెట్టు కింద పైనుంచి వచ్చే బండ్లని చూస్తూ కూర్చునేది. బువాఖాం తన రంగుల డబ్బాతో దొడ్డి దిగువ మూలకి పీట మార్చుకుని, మలుపువైపు తిరిగి కూర్చుంది. కుడిచేత కుంచె, ఎడమచేత మిషను. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిదాకా పిల్లల బండ్లే బండ్లు. మలుపు దగ్గరికి రాగానే తాతగారి గుడివైపు తల తిరిగేది, రెండు చేతులూ హ్యాండిలు వదిలి గుండెల దగ్గర కలుసుకునేవి, కొందరు హారను మూడుసార్లు కొట్టేవాళ్ళు. ఒకటి. ఇంకొకటి. మళ్ళీ ఒకటి. బువాఖాం బొటనవేలు కదులుతూనే ఉండేది. చేతులు ఫోనుకి కాదు, దండానికి లేస్తున్నాయి. లోకమంతా తిట్టే ఈ పిల్లలకి ఇంత బుద్ధీ భక్తీ ఉన్నాయని ఎవరైనా రాయాలి కదా, అనుకుంది. పది ఉదయాలు అలా నొక్కింది. నాలుగేళ్ళలో ఆమె అంత తేలికగా పనిచేయడం మూన్ చూడలేదు. ఆ పది రోజుల జీబ్రాల ముఖాల్లో నవ్వుందని ఎగతాళి చేశాడు. ఆమె ఒప్పుకోలేదు, తిట్టనూ లేదు.

ఆ మర్నాడు సోమో రాలేదు. ఆ తరవాతి రోజు కూడా. తరవాత వచ్చినప్పుడు గొడుగు లేదు, ముఖం పీక్కుపోయి ఉంది. తన గురువుగారి దగ్గర చివాట్లు తిన్నానని చెప్పింది. ఫోను గళ్ళు రెండూ కలిపితే రెండు వందల పన్నెండు. ఇతరం పదకొండు వందలు దాటింది. అన్నిటికన్నా పెద్దది ఇతరమైతే నువ్వు గళ్ళు గీయడమే తప్పు అన్నారట ఆయన, పోయి ఆ గడిలో ఏముందో కనుక్కోమన్నారట.

ఆ ఇతరం ఏమిటని సోమో అడిగింది. బువాఖాం సంతోషంగానే చెప్పింది.

ఆ తరవాత సోమో మూడు రోజులు మలుపు దగ్గరే కూర్చుంది, దొడ్డికి రాకుండా. నాలుగోరోజు తొమ్మిది దాటాక మెల్లగా నడుచుకుంటూ వచ్చి బువాఖాం ఎదురుగా నేలమీదే కూలబడింది. చారలు పూర్తయి ముఖం మిగిలిన జీబ్రా ఒకటి ఇద్దరి మధ్యా ఉంది. ఆ పిల్ల చాలాసేపు దాని కాలిమీద ఎండిన రంగు పెచ్చు గోటితో తీస్తూ కూర్చుంది. బువాఖాం జిగురన్నం పొట్లం విప్పి ముందుకు తోసింది. పిల్ల ముట్టుకోలేదు.

"చెప్పు. కడుపులో పెట్టుకుంటే అరగదు," అంది బువాఖాం.

"పెద్దమ్మా, వాళ్ళు చేతులు వదిలి మళ్ళీ హ్యాండిలు పట్టుకునేదాకా నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. అంతసేపు. తల ఎడమకి తిరిగి ఉంటుంది, గుర్రాలవైపు. రోడ్డేమో కుడికి పోతుంది." ఆగింది. "ఈ మూడు రోజుల్లో ఇద్దరు కంకర అంచుమీదికి వెళ్ళిపోయి మళ్ళీ లాక్కున్నారు. ఒకబ్బాయి నన్ను చూసి నవ్వాడు కూడా."

బువాఖాం కుంచె నీళ్ళ డబ్బాలో పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

ఆమెకి గుర్తొచ్చింది దేవుడో దయ్యమో కాదు, ఒక శనివారం. లిన్‌చీకి పదహారు. కొత్తగా బండి వచ్చింది. వెనక బువాఖాం కూర్చుంది, ఒళ్ళో కూరల సంచి. మలుపు దగ్గర పిల్ల ఎడమ చెయ్యి మాత్రం ఎత్తి నుదుటికి తాకించి దించేసింది. బువాఖాం వీపుమీద ఒకటి వేసింది. ఒంటిచేత్తో దండమేమిటి, తాతగారు నీ తోటి పిల్లాడా, రెండు చేతులూ జోడించు, అంది. పడిపోతామే అమ్మా, అంది పిల్ల. తాతగారు పడనివ్వడు, అంది తను. ఆనాటినుంచి లిన్‌చీ రెండు చేతులూ జోడించేది. దొడ్డి మూలనుంచి చూసి బువాఖాం మురిసిపోయేది కూడా.

"అయితే మా పిల్ల," అంది చివరికి. ఆ మాట పూర్తి చేయలేదు.

"అది నేను చెప్పలేను పెద్దమ్మా. ఎవరూ చెప్పలేరు. నా కాగితంలో ఉన్నది ఇప్పుడు బతికి తిరుగుతున్నవాళ్ళే."

"నువ్వు చెప్పక్కర్లేదులే."

ఫోను కాదని ఒకరు రాసిపెట్టాలని నాలుగేళ్ళు ఎదురుచూసింది. రాసే మనిషి వచ్చింది. రాయబోయే మాట మాత్రం తను నేర్పిందే అయింది. సోమో ఏడుస్తోందేమోనని చూసింది. లేదు, అలసిపోయి ఉంది, అంతే. పరిశోధనలో మలుపు పేరు రాయకుండా ఉండొచ్చని, గుర్రాల మాట ఎత్తకుండా ఉండొచ్చని ఆ పిల్ల మెల్లగా అంది. బువాఖాం ఒప్పుకోలేదు. చూసింది చూసినట్టు రాయమంది. జిగురన్నం మళ్ళీ ముందుకు తోసింది. ఈసారి సోమో తింది.

ఆ తరవాత రెండు రోజులూ ముఖం లేని జీబ్రా అలాగే ఉండిపోయింది. మూన్ కూడా దాని జోలికి పోలేదు. మూడోరోజు పొద్దున్నే బువాఖాం అగరొత్తులు తొమ్మిదీ, ఎర్రటి సోడా సీసా ఒకటీ పట్టుకుని మలుపుకి నడిచింది. సీసా మూత తీసి, స్ట్రా వేసి, గూటి ముందు పెట్టింది. ఒత్తులు వెలిగించి, నీ గుర్రాల్ని కాస్త ఎగువకి తోలుకుపోతాను తాతగారూ, తప్పైతే నా చెయ్యి పడేయి, అని చెప్పి గడ్డిలో కూర్చుంది. ఒత్తులు కాలి బూడిదయ్యేదాకా కదల్లేదు. గాలి లేదు, పిట్ట అరవలేదు, ఏ సూచనా రాలేదు.

"ఏమన్నాడు?" అన్నాడు వెనకే తోపుడుబండి తెచ్చిన మూన్.

"వద్దనలేదు."

"ఔననీ అనలేదుగా."

"మూనూ, నా కూతురు పోయిననాడూ ఆయన ఏమీ అనలేదు. ఎత్తు."

నలభై ఆరు గుర్రాలు. పెద్దవి ఇద్దరూ కలిసి కూడా లేపలేక ఒంటికి తాడు కట్టి ఈడ్చారు. దొడ్డికి ఎగువన, రోడ్డు బాణంలా సాగే చోట, వెడల్పాటి గడ్డి వార ఉంది. అక్కడ వరసగా నిలబెట్టారు. మూడు రోజులు పట్టింది. రెండోరోజున ఊళ్ళోవాళ్ళు కొందరు వచ్చి గొడవపడ్డారు. మొక్కుకి పెట్టినవి కదపడం అరిష్టమన్నారు. మనవడి కోసం గుర్రం పెట్టిన ఒక ముసలావిడ తన గుర్రం చెవి పట్టుకుని వదల్లేదు. బువాఖాం వాదించలేదు. తన ఏడూ ముందు మోయించింది. అవి ఎగువన వరసగా నిలబడ్డాక ముసలావిడ చెవి వదిలింది. గుడిని మాత్రం ముట్టుకోనివ్వలేదు ఎవరూ. అది మలుపులోనే ఉండిపోయింది.

సోమో ఇంకో పది ఉదయాలు లెక్క రాసింది. దూరంనుంచే గుర్రాలు కనబడటంతో చాలామంది ఎగువనే, నేరు రోడ్డుమీద, చేతులు జోడించేసేవాళ్ళు. ఒకసారి పెట్టినవాళ్ళలో మలుపు దగ్గర మళ్ళీ పెట్టేవాళ్ళు తక్కువ. మలుపులో చేతులు వదిలేవాళ్ళు సగానికి పైగా తగ్గారు. మిగతావాళ్ళు మానలేదు. అలవాటుపడ్డ చేతులు కొన్ని, ఉత్త గడ్డి ముందు కూడా లేస్తూనే ఉండేవి. ఎగువన కూడా చేతులు వదలకూడదు కదా పెద్దమ్మా, అని సోమో అంది. తెలుసు, అంది బువాఖాం. ఒకేసారి అన్నీ ఎవరు మాన్పించగలరు.

పరిశోధనకి గురువుగారు మామూలు మార్కులే వేశారు. ఫోనుల గురించి అడిగితే దండాల గురించి రాశావేమిటని పై కమిటీలో ఒకాయన విసుక్కున్నాడట. రోడ్ల ఆఫీసుకి పంపిన ఉత్తరానికి జవాబు రాలేదు. సోమో ఒక ప్రతి కుట్టించి తెచ్చి ఇచ్చి, చియాంగ్‌రాయ్‌లో పని దొరికిందని చెప్పి వెళ్ళింది. బువాఖాం దాన్ని చదవలేదు. చదివించుకోనూ లేదు. రంగు డబ్బాల అరలో, వాన తగలని చోట, లిన్‌చీ ఫోను ఉన్న జిప్పు సంచి పక్కన పెట్టింది. పోలీసు కాగితం మార్పించాలని మూన్ రెండుమూడుసార్లు అన్నాడు. మార్పించి ఏం రాయమంటావు, అంది ఒకసారి. అతను మళ్ళీ ఎత్తలేదు.

మలుపు దగ్గరికి కొత్త గుర్రాలు రావడం ఆగలేదు. పడినవాళ్ళు పడుతూనే ఉంటారు, బతికినవాళ్ళు మొక్కు చెల్లిస్తూనే ఉంటారు. గుర్రాన్ని కొనడానికి దొడ్డికే వచ్చేవాళ్ళు. బువాఖాం చారలు దిద్దుతూ, ఎగువన పెట్టండి, తాతగారు ఇప్పుడు అక్కడే మేపుతున్నాడు, అని చెప్పేది. కొందరు వినేవాళ్ళు. కొందరు తలాడించి, కిందికి పోయి మలుపులోనే దించేవాళ్ళు. వారానికో పది రోజులకో ఆమె తోపుడుబండి తోసుకుంటూ దిగుడు దిగి, తన చేత్తోనే రంగులేసిన గుర్రాన్ని గడ్డిలోంచి లేపి, ఎగువకి ఈడ్చుకొచ్చేది. దిగేటప్పుడు పది నిమిషాలు, ఎక్కేటప్పుడు అరగంట. మోకాళ్ళు పనికి రాకుండా పోయేవరకూ ఆ పని చేసింది. ఎందుకే అక్కా నీకీ గాడిదచాకిరీ, అని మూన్ అడిగితే, గుర్రాల చాకిరీ అనేది.

ఆ మధ్యలో ఒకరోజు పన్ను నొప్పికి ఆస్పత్రికి పోవాల్సి వచ్చి మూన్ మోటారుసైకిలు వెనక కూర్చుంది. ఎగువన గుర్రాల ముందు మూన్ హారను మాత్రం కొట్టాడు. చేతులు తీయలేదు. దొడ్డి దాటింది. దిగుడు మొదలైంది. ఎడమవైపు గడ్డి, స్తంభం, పావురాల గూడంత ఇల్లు దగ్గరికొచ్చాయి. బువాఖాం ఒళ్ళో ఉన్న రెండు చేతులూ వాటంతట అవే లేచాయి. వెనక కూర్చున్న మనిషి దండం పెడితే బండికేం కాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా లేచిన చేతులు దించి, సీటు వెనకున్న ఇనప కడ్డీ రెండుపక్కలా గట్టిగా పట్టుకుని, మలుపు దాటేదాకా రోడ్డునే చూసింది.